భూగోళ పాఠములు చెప్పిన విలియం కేరీ గారు

మన సంఘములలో విలియం కేరీ గారి పేరు వినని వారు అరుదు. ఆయన చెప్పులు కుట్టినవారని, మన దేశమునకు వచ్చి దేవుని వాక్యమును అనేక భాషలలోనికి తర్జుమా చేశారని ఆదివారపు బడి పిల్లలు సైతము చెప్పగలరు. మన పాస్టరుగారలలో పెక్కుమంది బి.డి. పట్టము పొందినది ఆయన, ఆయన సహచరులు స్థాపించిన సెరాంపూరు కళాశాల పేరుమీదనే. అయితే మిషనెరీ కాకముందు ఆయన ఒక పల్లెటూరి బడిలో భూగోళము చెప్పిన పంతులుగారని, ఆయన పిలుపు చాలవరకు ఆ పాఠములోనే బలపడినదని మనము అంతగా చెప్పుకొనము. మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండిన ఈ సందర్భమున ఆ సంగతి చెప్పుట తగునని తోచినది.

భూగోళమనగా రాజధానుల పేర్లు, నదుల పొడవులు పరీక్ష కొరకు వల్లెవేయుటయే అని చాలమంది తలంపు. బడిలో మనకు అట్లే చెప్పారు గనుక ఆ తలంపు మన తప్పు కాదు. నిజమునకు ఆ శాస్త్రములో రెండు పాళ్ళు ఉన్నవి. నేల, నీరు, గాలి, ఎండ, వాన, కొండ, చెట్టు, జంతువు – వీటి సంగతి చెప్పునది భౌతిక భూగోళము. ఆ నేలమీద మనుష్యులు ఎక్కడ గుమిగూడి కాపురమున్నారు, ఎక్కడ పలుచగా ఉన్నారు, ఏమి పండించి ఏమి తింటున్నారు, ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ దేవుని కొలుస్తున్నారు, ఊరు విడిచి పరదేశము ఎందుకు పోతున్నారు – ఇది మానవ భూగోళము. మొదటిది తెలియనిదే రెండవది అర్థము కాదు. గోదావరి ఎటు పారునో తెలియనివానికి కోనసీమలో అంతమంది జనము ఎందుకున్నారో తెలియదు గదా. కేరీగారి కాలములో ఈ రెండు పేర్లు వాడుకలో లేవు. కాని ఆయన జీవితము చదివితే ఈ రెండు పాళ్ళను ఒకే పాఠముగా నేర్చి, నేర్పినవారని తెలుస్తుంది.

ఆయన 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు నడిబొడ్డున, సముద్రమునకు దూరముగా ఉన్న నార్తాంప్టన్ జిల్లాలో పాలర్స్‌పరీ అను గ్రామములో జన్మించారు. తండ్రి ఎడ్మండుగారు మగ్గము నేసేవారు. విలియముకు ఆరేండ్ల వయస్సులో ఆయనకు ఊరిబడి పంతులు పని, గుడి గుమాస్తా పని దొరికినవి. పిల్లవాడు తన గదినిండ పురుగులను, మొక్కలను, పిట్టలను చేర్చి పెట్టుకొనేవాడట. పీటరు అను పినతండ్రి సైన్యములో కెనడాకు వెళ్ళి తిరిగివచ్చి తోటపని చేసుకొంటున్నారు. అక్కడి అడవులు, మంచు, ఓడల ముచ్చట్లు ఆయన నోట వినుట ఈ పిల్లవానికి పండుగ. దేశములు కనుగొనినవారి కథలు ఎప్పుడూ చెబుతుంటే తోటి పిల్లలు వానికి కొలంబసు అని ఎగతాళి పేరు పెట్టారట.

ఎండ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేచే చర్మవ్యాధి ఉండుట వలన పొలము పనికి ఆయన పనికిరాలేదు. అందుచేత 14 ఏండ్ల ప్రాయములో బూట్లు కుట్టు పని నేర్చుకొనుటకు పంపారు. ఆ అంగడిలోనే జాన్ వార్ అను తోటి పనివాని సాక్ష్యము వలన ఆయన క్రీస్తును ఎరిగారు. 1781 జూన్ 10న డొరోతీ ప్లాకెట్ అను ఆమెను పెండ్లాడారు. ఆమెకు చదువు రాదు. పెండ్లి పుస్తకములో సంతకమునకు బదులు గీత గీశారు. 1783 అక్టోబరు 5న నెన్ నదిలో ఆయన బాప్తిస్మము పొందారు. కుట్టుపని ముందు పుస్తకము తెరచి పెట్టుకొని లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొన్నారు.

1785లో ఆయన మౌల్టన్ అను గ్రామమునకు మారారు. అక్కడి పంతులు ఊరు విడిచి పోయి ఉండగా కేరీగారు బడి తెరిచారు. పగలు బడి, రాత్రి బూట్లు, ఆదివారము వాక్యము. పంతులుగా ఆయన గొప్పవారేమీ కారు. పిల్లలను అదుపులో ఉంచుట తనకు చేతకాలేదని, తానే వారి అదుపులో ఉండేవాడనని తరువాత నవ్వుతూ ఒప్పుకొనేవారు. పాత పంతులు తిరిగి వచ్చిన తరువాత పిల్లలు అటు పోగా ఈ బడి సన్నగిల్లినది. కాని భూగోళము గంట వచ్చినప్పుడు మాత్రము ఆ బడిలో మరియొక మనిషి నిలిచేవాడట.

అప్పుడు కెప్టెన్ కుక్‌గారి సముద్రయాత్రల గ్రంథములు ఇంగ్లండులో అందరి చేతులలో ఉన్నవి. కుక్‌గారి మూడవ యాత్ర వృత్తాంతము 1784లో అచ్చయినది. పసిఫిక్ ద్వీపముల లోతులు, గాలులు, ప్రవాహములు, అక్కడి జనుల ఇండ్లు, తిండి, ఆచారములు అందులో ఉన్నవి. ఇతరులు వినోదము కొరకు చదివిన దానిని కేరీగారు లెక్క కొరకు చదివారు. గ్లోబు కొనుటకు డబ్బు లేదు. అంగడిలో మిగిలిన తోలు ముక్కలను కోసి, దేశమునకొక రంగు వేసి, కుట్టి గుండ్రని గోళము చేశారని చెబుతారు. భూమి బల్లపరుపుగా లేదని, సూర్యుని ఎదుట తిరుగుచున్నదని, ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి అని, నడుమ ఉన్న దేశములకు ఎండ నిలువుగా, కొసల వైపు ఏటవాలుగా పడుట వలననే వేడి, చలి కలుగుచున్నవని చూపుటకు పిల్లల చేతిలో గోళము ఉండవలసినదే. ఎన్ని మాటలు చెప్పినను ఆ పని జరుగదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. తోలు పని చేసిన చేతులను మన సమాజము తరతరములుగా బడిగడప ఎక్కనీయలేదు. మన సంఘములలో ఎందరి తాతలకో ఆ సంగతి పుస్తకములో చదివి తెలిసినది కాదు, ఒంటిమీద అనుభవించినది. ఆరె, తోలు పట్టిన చేతులే ఈ భూమి అంతటినీ ఒక గోళముగా కుట్టి పిల్లలకు పాఠము చెప్పినవి. ఇంగ్లండులోను ఆ వృత్తిని చిన్నచూపు చూచినవారు ఉన్నారు. కేరీగారు దానిని ఎన్నడూ దాచుకొనలేదు.

గోళము ఒక్కటే కాదు. కాగితములు అనేకము అతికించి ఒక పెద్ద ప్రపంచ పటము తయారుచేసి, పని చేయుచోట గోడకు తగిలించారు. స్నేహితుడు ఆండ్రూ ఫుల్లరుగారు దానిని కన్నులార చూచి తరువాత ఆ సంగతి తెలియజేశారు. ఆ పటములో ప్రతి దేశముమీద అక్కడి జనసంఖ్య, మతము, తనకు తెలిసిన ఇతర వివరములు చేతితో వ్రాసుకొన్నారు. దారము లాగుతూ తల ఎత్తితే ఆ పటమే కనబడేది. ఒక ద్వీపము పేరు పిల్లలకు చెబుతూ, అక్కడివారికి సువార్త తెలియదని తలచుకొని ఆయన కన్నీరు పెట్టేవారని మౌల్టన్‌లో చెప్పుకొనేవారు.

ఆ పటమే పుస్తకమైనది. 1789లో లెస్టరు పట్టణమునకు పాస్టరుగా వెళ్ళిన తరువాత, 1792 మే నెలలో ఆయన 87 పేజీల చిన్న గ్రంథము అచ్చువేయించారు. అన్యజనులకు సువార్త చెప్పు బాధ్యత క్రైస్తవులకు నేటికిని ఉన్నదా అను ప్రశ్నను విచారించిన గ్రంథమది. అందరూ అందులోని బోధను గూర్చి మాట్లాడుతారు. కాని ఆ పుస్తకము నడిమి భాగమంతయు పట్టికలు. ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండములలోని దేశములు, ద్వీపములు ఒకదాని తరువాత ఒకటి. ప్రతిదానికి పొడవెన్ని మైళ్ళు, వెడల్పెన్ని మైళ్ళు, జనమెందరు, మతమేమి. మొదటి రెండు భౌతిక భూగోళము, చివరి రెండు మానవ భూగోళము అన్నమాట. లోకములోని జనులు మొత్తము 73 కోట్ల 10 లక్షలని ఆయన లెక్క కట్టారు. అందులో ప్రొటెస్టంటులు 4 కోట్ల 40 లక్షలు, కతోలికులు 10 కోట్లు, గ్రీకు, అర్మీనియ సంఘములవారు 3 కోట్లు, యూదులు 70 లక్షలు, మహమ్మదీయులు 13 కోట్లు, తక్కిన 42 కోట్లు ఇతరులు.

ఈ అంకెలు ఎంతవరకు నిజము? ఆ దినములలో జనాభా లెక్కలు లేని దేశములే ఎక్కువ. ఇంగ్లండులోనే మొదటి జనగణన 1801లో జరిగినది. ఆఫ్రికా లోపలి భాగము ఐరోపావారికి తెలియదు. 1800 నాటికి లోకములో సుమారు 100 కోట్ల మంది ఉండవచ్చునని నేటి పండితుల అంచనా. అంటే కేరీగారి లెక్క తక్కువైనది. ప్రయాణికులు వ్రాసిన దానిని, ఇతరుల గ్రంథములలో ఉన్నదానిని చేర్చి కట్టిన లెక్క గనుక అంతకంటె ఆశించలేము. 2022లో లోకజనాభా 800 కోట్లు దాటినది. అయినను బోధకుడు వ్రాసిన పుస్తకములో ఊహలకు బదులు మైళ్ళు, మనుష్యులు ఉండుట అందరినీ నిలిపి ఆలోచింపజేసినది. దూరమను అడ్డంకికి కూడ ఆయన భూగోళముతోనే జవాబు చెప్పారు. దిక్సూచి వచ్చినందున సముద్రము ఇప్పుడు అడ్డము కాదు, దారి. బొచ్చు చర్మముల వ్యాపారమునకు భూమి కొసలకు పోగలవారు ఆత్మల కొరకు ఎందుకు పోలేరని ఆయన వాదన. ఆ యేడే మే నెలాఖరున నాటింగ్‌హాములో యెషయా 54వ అధ్యాయముమీద ప్రసంగించారు. అక్టోబరు 2న కెటరింగులో బాప్టిస్టు మిషనెరీ సంఘము ఏర్పడినది. ఆనాడు పోగైన చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు.

కుక్‌గారి గ్రంథములు చదివిన కేరీగారి మనస్సు మొదట తాహితీ ద్వీపము మీద ఉన్నది. బెంగాలులో ఉండివచ్చిన డాక్టరు జాన్ థామసుగారు చెప్పిన మాటల వలన అది బెంగాలు వైపు తిరిగినది. డొరోతీగారు రానన్నారు. నిండు గర్భిణి, చిన్నపిల్లల తల్లి, పుట్టిన ఊరి చుట్టుప్రక్కలు తప్ప ఎరుగని మనిషి. చివరకు చెల్లెలు కిట్టీ తోడు వచ్చునట్లయితే వత్తునని, కొద్దివారముల పసికందును ఒడిలో పెట్టుకొని ఓడ ఎక్కారు. ఈస్టిండియా కంపెనీవారు మిషనెరీలకు అనుమతి ఇచ్చేవారు కారు గనుక డేనిషు ఓడలో 1793 జూన్ 13న బయలుదేరారు.

సూయజు కాలువ తెరిచినది 1869లో. అప్పటి ఓడలన్నియు ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసినవే, అదియు గాలి వీచిన దారిన. దాదాపు ఐదు నెలలు నేల త్రొక్కకుండ సాగిన ఆ ప్రయాణము కేరీగారికి భూగోళ పాఠము వంటిది. బెంగాలు తీరమునకు సుమారు 200 మైళ్ళ దూరము వచ్చి, ప్రవాహములు వెనుకకు నెట్టుచుండగా దాదాపు నెల దినములు అక్కడనే కొట్టుమిట్టాడారు. ఆ ఋతువులో నైఋతి ఋతుపవనము వెనుదిరిగి ఈశాన్యపు గాలి మొదలగును. దానితోపాటు బంగాళాఖాతపు నీటి వాలు కూడ మారుతుంది. అక్టోబరు, నవంబరు మాసములలో సముద్రము ఎట్లుండునో మన కోస్తా జాలరులను అడిగితే చెప్పగలరు. నవంబరు 11న ఆయన కలకత్తా చేరారు.

తరువాతి ఆరేండ్లు ఆయన నేర్చినది గోడమీది పటములో లేనిది. మొదట చేతిలో డబ్బులేక సుందరవనములలో దేవహాటా అను చోటికి పోయారు. గంగ, బ్రహ్మపుత్ర నదులు మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టి సముద్రపు అంచున పేరుకొని ఏర్పడిన నేల అది. ఆటుపోటులకు ఉప్పునీరు ఎక్కుతుంది, దిగుతుంది. మడ అడవులు, పులులు, జ్వరములు. అడవి నరికిన చోట మాత్రము పంట బాగుగా పండుతుంది. 1794లో ఉత్తరమున మాల్దా ప్రాంతములోని ముద్నాబాటిలో నీలిమందు కర్మాగారము చూచు ఉద్యోగము దొరికినది. వానకాలములో పల్లపు భూములు చెరువులగును. నీరు తీయగానే జ్వరములు ప్రబలును. ఆ యేడే ఐదేండ్ల కుమారుడు పీటరు రక్తవిరేచనములతో చనిపోయాడు. శవమును మోయుటకు, గొయ్యి త్రవ్వుటకు మనుష్యులు దొరుకుటే కష్టమైనది. ఆ దుఃఖముతో డొరోతీగారి మతి చలించినది. మరి బాగుపడలేదు. 1807 డిసెంబరు 8న మరణించు వరకు, పన్నెండేండ్లకు పైగా, ఆమె ఆ స్థితిలోనే ఉన్నారు. ప్రక్కగదిలో ఆమె కేకలు వేయుచుండగా కేరీగారు తర్జుమా పని చేసుకొనేవారు.

కేరీగారి జీవితము వ్రాసిన పలువురు డొరోతీగారిని సాధువైన భర్తకు అడ్డుపడిన భార్యగా చూపి నాలుగు వాక్యములలో దాటివేశారు. అది న్యాయము కాదని నా అభిప్రాయము. ఊరు విడిచిన మనిషికి కొత్త నీరు, కొత్త గాలి, కొత్త భాష చేయు గాయము మానవ భూగోళములో భాగమే. బర్మాకు, మారిషసుకు, ఫిజీకి కూలికి పోయిన మన తెలుగువారి కుటుంబములకు ఆ సంగతి తెలుసు. కేరీగారు ఆ పట్టికలు కట్టేనాటికి ఆ సంగతి ఆయనకే తెలియదు. తెలిసినది ఆమెకు.

ముద్నాబాటిలో ఆయన రైతులతో కలిసి తిరిగారు. నేల రకములు, పంటల వరుస, నాగలి, ఎడ్లు, అప్పులు – అన్నిటిని చూచి వ్రాసుకొన్నారు. దినాజ్‌పూరు జిల్లా వ్యవసాయమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము ఏషియాటిక్ సొసైటీవారి పదవ సంపుటములో అచ్చయినది. ఇంగ్లండులోని స్నేహితులను ప్రతి సంవత్సరము విత్తనములు, కొడవళ్ళు, పనిముట్లు పంపుమని, వాటి వెల తానే ఇచ్చుకొందునని కోరారు. 1820లో ఆయన ప్రారంభించిన వ్యవసాయ, ఉద్యాన సంఘమునకు విత్తు ఇక్కడనే పడినది.

1800 జనవరి 10న ఆయన కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ నది పడమటి గట్టుమీద డేనిషువారి ఏలుబడిలో ఉన్న సెరాంపూరు చేరారు. మార్ష్‌మన్, వార్డు గారలతో కలిసి అక్కడ జరిగిన సేవ మనము తరచుగా వినేదే గనుక విస్తరించి చెప్పను. ఆ యేడు డిసెంబరులో కృష్ణపాల్‌గారి బాప్తిస్మము, 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన, అదే యేడు ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయ పదవి. ఆ కళాశాలకు నలుదిక్కుల నుండి పండితులు వచ్చేవారు. వారిని చేర్చుకొని సుమారు 40 భాషలలో దేవుని వాక్యమును, పూర్తిగానో కొంతభాగమో, వెలువరించారు. 1816లో సెరాంపూరువారు అచ్చువేసిన నివేదికలో 33 భాషలలో ప్రభువు నేర్పిన ప్రార్థనను ప్రక్కప్రక్కన ఉంచి, ఏ భాషకు ఏ భాష చుట్టమో పోల్చి చూపారు. భారతదేశపు భాషల పటము గీయుటకు జరిగిన తొలి ప్రయత్నములలో అది ఒకటి. గ్రియర్సనుగారి భాషా సర్వేక్షణము వచ్చినది దాదాపు నూరేండ్ల తరువాత.

మన తెలుగు ఆ పటములోనిదే. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనువారు క్రాన్, దే గ్రాంజిస్ గారలు, ఆనందరాయరుగారి సహాయముతో తెలుగులోనికి తెచ్చిన సువార్తలు 1812లో సెరాంపూరులోనే అచ్చయినవి. అప్పటికి ఆ ఇద్దరు మిషనెరీలు మన నేలమీదనే కన్నుమూశారు. ఆ 1812లోనే మార్చి 11న సాయంకాలము సెరాంపూరు ముద్రణాలయము కాలిపోయినది. కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయినవి. అందులో కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణము కూడ ఉన్నది. అక్షరములు పోతపోయు అచ్చులు మాత్రము మిగిలినవి. కరిగిన సీసమును పోగుచేసి మరల పోతపోశారు. వ్యాకరణమును కేరీగారు మరల మొదటి నుండి వ్రాశారు. అది 1814లో అచ్చయినది. మద్రాసులో కాంప్‌బెల్ గారి తెలుగు వ్యాకరణము వచ్చినది దానికి రెండేండ్ల తరువాత. 1818లో సెరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది. నిజము చెప్పవలెనంటే ఆ తర్జుమా మన సంఘములలో నిలువలేదు. తెలుగుదేశములో అడుగుపెట్టని మనిషి కలకత్తా ప్రక్కన కూర్చుండి చేసిన తెలుగు, ఇక్కడనే మసలినవారి తెలుగు ముందు నిలుచుట కష్టము. ఒక భాష దాని నేలమీదనే బాగుగా పట్టుబడుతుంది.

తెలుగు నేలతో ఆయనకు మరొక బంధము మొక్కల ద్వారా కలిగినది. సామర్లకోటలో ఉండి మన ప్రాంతపు చెట్టుచేమలను పరిశీలించి, తెలుగు పేర్లతో సహా వ్రాసుకొన్న డాక్టరు రాక్స్‌బరోగారు 1793లోనే కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్ళారు. ఇద్దరికి స్నేహము కుదిరినది. రాక్స్‌బరోగారు ఒక అడవిచెట్టు జాతికి కేరీగారి పేరు పెట్టారు. ఆయన చనిపోయిన తరువాత ఆయన భారతదేశ వృక్ష గ్రంథమును కేరీగారే పరిష్కరించి సెరాంపూరులో 1820లోను, ఆ తరువాతను అచ్చువేయించారు. సామర్లకోట చుట్టుప్రక్కల మొక్కల తెలుగు పేర్లు ఆ విధముగా సెరాంపూరు అచ్చుయంత్రము ఎక్కినవి.

మౌల్టన్‌లో విడిచిన బడి కూడ సెరాంపూరులో మరల తెరుచుకొన్నది, ఒకటి కాదు, పదుల కొలది. 1816లో దేశభాషా పాఠశాలలను గూర్చి మార్ష్‌మన్‌గారు ఒక ప్రణాళిక వ్రాశారు. చదువు, వ్రాత, లెక్కలతోపాటు సూర్యమండలము, భూగోళము పిల్లల సొంత భాషలోనే నేర్పవలెనని అందులో ఉన్నది. 1818 ఏప్రిల్‌లో దిగ్దర్శన్ అను బెంగాలీ మాసపత్రిక మొదలైనది. దిక్కులు చూపునదని ఆ పేరునకు అర్థము. మొదటి సంచికలోనే అమెరికాను కనుగొనిన కథ, హిందూదేశపు ఎల్లల వివరణము ఉన్నవి. కలకత్తా పాఠ్యపుస్తక సంఘమువారు ఆ ప్రతులను బడుల కొరకు కొన్నారు. పాలర్స్‌పరీలో కొలంబసు కథ చెప్పి ఎగతాళి పేరు తెచ్చుకొన్న పిల్లవాని పాఠము బెంగాలు పిల్లలకు వారి భాషలో అందినది. కళాశాల స్థాపన ఆ యేడే. పట్టములు ఇచ్చు అధికారము డెన్మార్కు రాజు 1827లో ఇచ్చారు.

లెక్కించి వ్రాయు ఆయన అలవాటు మరొక చోట కూడ పనికివచ్చినది. భర్త చితిమీద భార్యను కాల్చు సతీ ఆచారము ఎక్కడో ఒకటి అరా జరుగునని చాలమంది అధికారులు కొట్టిపారవేసేవారు. కేరీగారు 1803లో కలకత్తా చుట్టు 30 మైళ్ళ పరిధిలో మనుష్యులను పంపి ఊరూరా లెక్క తీయించారు. ఒక్క సంవత్సరములో వందల సంఖ్య తేలినది. ఆ లెక్కను ప్రభుత్వమునకు అందజేశారు. చట్టము వచ్చుటకు మరి 26 ఏండ్లు పట్టినది. రామమోహన రాయలుగారి వంటి స్వదేశీయుల పోరాటము లేనిదే అది వచ్చెడిది కాదు. 1829 డిసెంబరు 4న బెంటింకుగారు చేసిన ఆ శాసనము బెంగాలీలోనికి మార్చుటకు కేరీగారికి ఆదివారము ఉదయమున చేరినది. ప్రసంగమును మరియొకరికి అప్పగించి ఆయన కూర్చున్నారు. ఆలస్యమైన ప్రతి గంటకు ఒక ప్రాణము పోవచ్చునని ఆయనకు తెలుసు. సాయంకాలమునకు పని ముగిసినది.

నది ఎంత ఇచ్చునో అంత తీసికొనునని చివరి యేండ్లలో ఆయన చూచారు. సెరాంపూరులో ఐదెకరముల తోటలో దేశదేశముల మొక్కలు పెంచారు. 1823 అక్టోబరులో దామోదర నది గట్లు తెగి ఊరు మునిగినది. తోట మీద మట్టి మేట వేసినది. ఒడ్డున ఉన్న ఆయన ఇల్లు హుగ్లీ కోతకు గురియై విడువవలసి వచ్చినది. ఆ దినములలోనే పడవ దిగుచు జారిపడి తుంటి దెబ్బతిని ఆయన మంచము పట్టి ఉన్నారు. లేవగలిగిన వెంటనే విత్తనముల కొరకు ఉత్తరములు వ్రాశారు.

పిల్లలను కూడ ఆ పటమే చెదరగొట్టినది. పెద్దకుమారుడు ఫెలిక్సు 1807లో బర్మాకు పోయాడు. సముద్రముమీద ఒడిలో వచ్చిన పసికందు జాబెజు 1814లో మొలక్కా ద్వీపములలోని అంబోయినాకు పోయాడు. కేరీగారు మాత్రము 1793లో బెంగాలు నేలమీద అడుగుపెట్టిన తరువాత ఇంగ్లండు మరి చూడలేదు. 41వ సంవత్సరము నడుచుచుండగా, 1834 జూన్ 9న సెరాంపూరులో, 72 ఏండ్ల వయస్సులో ప్రభువునందు నిద్రించారు.

ఆయన వీలునామా చిన్నది. ఆస్తి ఏమీ లేదు. తాను పోగుచేసిన ఖనిజములు, గవ్వలు, పగడములు, పురుగులు, ఎండబెట్టి అతికించిన మొక్కలు, పరభాషలలోని బైబిళ్ళు – ఇవన్నియు సెరాంపూరు కళాశాలకు ఇచ్చివేశారు. తక్కిన పుస్తకములు అమ్మి, వచ్చిన సొమ్ములో 1500 రూపాయలు జాబెజునకు ఇవ్వవలెనని వ్రాశారు. సమాధిని రెండవ భార్య షార్లొటీగారి ప్రక్కన కట్టవలెనని, రాతిమీద పేరు, తేదీలు, ఒక కీర్తనలోని రెండు పాదములు తప్ప మరేమియు చెక్కరాదని కోరారు. అట్లే చెక్కారు.